వంద మీటర్ల వాగ్దానం

భారత రాజకీయాల్లో చేతి గడియారం చర్చకు వచ్చిన ప్రతిసారీ వినిపించిన ప్రశ్న ఒక్కటే. దాని ధర ఎంత? 2016 మార్చిలో కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వజ్రాలు పొదిగిన హ్యూబ్లో గడియారాన్ని శాసనసభ స్పీకర్‌కు అప్పగించవలసి వచ్చింది. దాని విలువ 70 లక్షల రూపాయలని కుమారస్వామి ఆరోపించారు. అది ఒక వైద్య మిత్రుడు ఇచ్చిన కానుక అని సిద్ధరామయ్య సంజాయిషీ ఇచ్చుకున్నారు. 2022 డిసెంబర్‌లో అదే కథ తమిళనాడులో పునరావృతమైంది. అప్పటి బిజెపి రాష్ట్ర అధ్యక్షుడు అన్నామలై చేతికి ఉన్న రాఫెల్ గడియారానికి బిల్లు చూపించగలరా అని డిఎంకె మంత్రి సెంథిల్ బాలాజీ సవాలు చేశారు. ప్రపంచంలో అలాంటివి 500 మాత్రమే ఉన్నాయని, తనది 149వదని అన్నామలై చెప్పుకున్నారు. 2023 ఏప్రిల్ 14న బిల్లు బయటపెట్టారు. ఆ తర్వాత ఎవరి రాజకీయాలు వారు చేసుకున్నారు.

ఆ గడియారం బెల్ అండ్ రాస్ సంస్థ తయారు చేసిన క్రోనోగ్రాఫ్. అంటే సమయం చూపడంతో పాటు స్టాప్‌వాచీలా సెకన్లను, నిమిషాలను కొలిచే గడియారం. కుడివైపు కీకి పైన ఒకటి, కింద ఒకటి రెండు బటన్లు ఉంటాయి. పై బటన్ నొక్కితే లెక్క మొదలవుతుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. కింది బటన్ నొక్కితే ముల్లు సున్నాకు వస్తుంది. యుద్ధ విమానం పేరు పెట్టుకున్న ఆ గడియారం వివరాల్లో మరొక అంకె కూడా ఉంది. అది 100 మీటర్ల లోతు వరకు నీటిని తట్టుకుంటుందని దాని అర్థం. ధర గురించి ఆవేశపడిన దేశంలో ఆ అంకె గురించి ప్రశ్న వేసిన వారెవరూ కనపడలేదు. నిజానికి సామాన్యుడి చేతికి ఉన్న వాచీ మీద కూడా అలాంటి అంకే ఉంటుంది. 30 మీటర్లు, 50 మీటర్లు, 100 మీటర్లు. కొనుగోలుదారు ఆ అంకెను చూసి తృప్తిపడతాడు. ఎన్నికల ప్రణాళికలోని అంకెను చూసి ఓటరు తృప్తిపడ్డట్టే.

ఆ అంకె అర్థం ఏమిటో నోయిడాలో నివసించే ఒక తెలుగు పెద్దమనిషికి కిందటి వేసవిలో తెలిసివచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన అధికారి ఆయన. గోదావరి జిల్లాలో కాలువ గట్టున పుట్టి పెరిగిన వాడు. ఈత ఆయనకు ఎవరూ నేర్పలేదు. పుష్కర కాలం నాటి స్నేహితులతో పందేలు కాసి, ఊపిరి బిగబట్టి, కాలువ అడుగున మట్టి పిడికిలితో పైకి తేలడమే ఆయన నేర్చుకున్న విద్య. ఢిల్లీకి వచ్చాక ఆ విద్య ఫైళ్ల కింద అణగిపోయింది.

విదేశంలో ఉన్న కుమారుడు తండ్రి అరవయ్యో పుట్టినరోజుకు ఒక క్రోనోగ్రాఫ్ పంపించాడు. నల్లటి డయల్, ఉక్కు పట్టీ, డయల్ కింది భాగంలో చిన్న అక్షరాలతో 100 మీటర్లు అన్న హామీ. చూడటానికి అచ్చంగా డైవర్లు ధరించే వాచీలానే ఉంది. వేసవి సెలవులకు వచ్చిన మనవడు అపార్ట్‌మెంట్ ఈతకొలనులో దిగి, "తాతయ్యా, నేను నీళ్లలో ఎంతసేపు ఉంటానో లెక్కపెట్టు" అన్నాడు. తాతయ్య కూడా కొలనులోకి దిగారు. మనవడి ముఖం చూడాలన్న ఉత్సాహంతో తానూ మునిగి, నీటిలోనే పై బటన్ నొక్కారు. మనవడు తేలగానే మళ్లీ నొక్కారు. 21 సెకన్లు. ఆ మధ్యాహ్నం ఏడెనిమిది సార్లు ఆ ఆట సాగింది. కొలను లోతు నాలుగున్నర అడుగులు.

మరునాటి ఉదయం వాచీ అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు మసకబారింది. మధ్యాహ్నానికి మసక పోయింది, సాయంత్రం ఏసీ గదిలో మళ్లీ వచ్చింది. మూడో రోజు స్టాప్‌వాచీ ముల్లు సున్నాకు రావడం మానేసింది. ఐదో రోజు వాచీ ఆగిపోయింది. 100 మీటర్ల లోతును తట్టుకుంటానన్న గడియారం నాలుగున్నర అడుగుల నీటిలో ఓడిపోయింది.

ఆయన సర్వీస్ సెంటర్‌కు వెళ్లారు. కౌంటర్‌లోని యువకుడు వాచీని దీపం కింద పెట్టి చూసి, లోపలికి తేమ చేరిందని, వారంటీ వర్తించదని మర్యాదగా చెప్పాడు. ఎందుకు వర్తించదని అడిగితే వాచీతో పాటు వచ్చిన చిన్న పుస్తకం తెరిచి చూపించాడు. అనేక భాషల మధ్య, సన్నని అక్షరాలలో ఒక వాక్యం ఉంది. నీటిలో ఉన్నప్పుడు కీని గానీ, బటన్లను గానీ వాడరాదు. జీవితమంతా మంజూరు ఉత్తర్వుల చివర 'కింది షరతులకు లోబడి' అని రాసిన అధికారి ఆయన. ఉత్తర్వు మొదటి పేరా చదివి ఆనందంతో ఇంటికి వెళ్లి, చివరి పేరా చదివి మర్నాడు తిరిగివచ్చే అర్జీదారులను ఎందరినో చూశారు. ఆ రోజు కౌంటర్‌కు ఇవతల అర్జీదారుగా నిలబడ్డది ఆయనే.

కోపం చల్లారాక ఆయన తనకు అలవాటైన పని చేశారు. నిబంధనలు చదివారు. గడియారం నీటిని తట్టుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ రూపొందించిన ప్రమాణాలు రెండున్నాయి. మామూలు వాచీలకు ఐఎస్ఓ 22810. డైవర్ల వాచీలకు ఐఎస్ఓ 6425. డయల్ మీద అంకె ఒకటే అయినా, ఆ అంకె వెనుక ఉన్న పరీక్షలు ఒకటి కావు.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల లోతులో ప్రతి చదరపు సెంటీమీటరు మీద నీరు మోపే భారం సుమారు 10 కిలోలు. 3 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న వాచీ అద్దం మీద మొత్తం 70 కిలోలు. ఒక మనిషి ఆ అద్దం మీద నిలబడ్డట్టు. మామూలు వాచీ ఈ పీడనాన్ని 10 నిమిషాలు తట్టుకుంటే చాలు. అది కూడా తయారైన ప్రతి వాచీ తట్టుకోనక్కరలేదు, నమూనాలను పరీక్షిస్తే సరిపోతుంది. అయితే కీ, బటన్ల మాటేమిటి? ప్రమాణం ప్రకారం వాటికి వేరే పరీక్ష ఉంది. వాచీని 10 సెంటీమీటర్ల లోతు నీటిలో ఉంచి, కీ మీద, బటన్ల మీద పక్కనుంచి 5 న్యూటన్ల బలం, అంటే అర కిలో బరువు ప్రయోగిస్తారు. 10 నిమిషాల పాటు నీరు లోపలికి రాకపోతే పరీక్ష నెగ్గినట్టే. బటన్లను లోపలికి నొక్కి చూడాలని ఆ పరీక్ష అడగదు.

డయల్ మీద 100 మీటర్లు. బటన్ల పరీక్ష 10 సెంటీమీటర్ల నీటిలో. ఇది ప్రమాణం కోరే కనీస స్థాయి మాత్రమే, మంచి తయారీదారులు అంతకు మించి పరీక్షించవచ్చు. కానీ వాచీ కొన్న వ్యక్తికి కనిపించేది పెద్ద అంకె ఒక్కటే.

డైవర్ల ప్రమాణం మరింత కఠినమైనది. కనీసం 100 మీటర్లు ఉండాలి. ప్రకటించిన పీడనానికి 125 శాతం మీద పరీక్షించాలి. ఒక్కో వాచీనీ విడిగా పరీక్షించాలి. లీటరుకు 30 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలో 24 గంటలు ఉంచాలి. 40 డిగ్రీల నీటి నుంచి 5 డిగ్రీల నీటిలోకి, మళ్లీ 40 డిగ్రీల నీటిలోకి మార్చాలి. 30 సెంటీమీటర్ల లోతు నీటిలో 50 గంటలు ఉంచినా యంత్రాంగం సవ్యంగా పనిచేయాలి. బటన్ల మీద అర కిలో బలాన్ని ఇక్కడ 10 సెంటీమీటర్ల లోతులో కాక, 125 శాతం పీడనంలోనే ప్రయోగించాలి. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం కనపడాలి. డైవ్ మొదలై ఎంతసేపయిందో చూపే ఏర్పాటు ఉండాలి. డయల్ చుట్టూ ఒక్క దిశలోనే తిరిగే అంచు చక్రం సాధారణంగా ఆ పని చేస్తుంది. పొరపాటున చేయి తగిలి అది తిరిగినా గడిచిన సమయం ఎక్కువగా కనపడుతుందే తప్ప తక్కువగా కనపడదు. పొరపాటు జరిగితే అది కూడా ప్రాణాన్ని కాపాడే వైపే జరగాలన్న ఆలోచన అందులో ఉంది. పాలనా యంత్రాంగంలో అలాంటి చక్రాలు ఎన్ని ఉన్నాయని ఆ మాజీ అధికారి తనను తాను ప్రశ్నించుకుని ఉంటారు.

క్రోనోగ్రాఫ్‌కు నీటికి మధ్య ఉన్న వైరం దాని నిర్మాణంలోనే ఉంది. మామూలు గడియారానికి బయటి నుంచి లోపలికి దారి ఇచ్చే రంధ్రం ఒక్కటే, కీ ఉన్న చోటు. క్రోనోగ్రాఫ్‌కు అలాంటివి మూడు. ప్రతి బటన్‌కు ఒక సన్నని ఇరుసు ఉంటుంది, ఆ ఇరుసు చుట్టూ రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. కదలకుండా ఉన్నంతసేపు గ్యాస్కెట్ నీటిని ఆపుతుంది. బటన్ నొక్కినప్పుడు ఇరుసు గ్యాస్కెట్‌ను రాసుకుంటూ లోపలికి వెళ్లి, వదలగానే వెనక్కి వస్తుంది. ఆ రాకపోకల్లో ఇరుసుకు అంటుకున్న నీటి పొర లోపలికి చేరగలదు. ఒక్క చుక్క చాలు. అది ఆవిరై, చల్లబడి, అద్దం మీద మసకగా, ఉక్కు పళ్ల మీద తుప్పుగా మారుతుంది.

ఈ చిక్కును ఛేదించేందుకు తయారీదారులు రకరకాల దారులు వెతికారు. రోలెక్స్ డేటోనాలో బటన్లను మరలా బిగించి తాళం వేస్తారు. అంటే నీటిలోకి దిగేటప్పుడు వాటిని నొక్కే అవకాశమే ఉండదు. ఒమేగా సీమాస్టర్ శ్రేణిలోని డైవింగ్ క్రోనోగ్రాఫ్‌లు కొన్ని నీటిలోనూ బటన్లు నొక్కేందుకు వీలుగా తయారయ్యాయి. బ్రైట్లింగ్ కొన్ని నమూనాల్లో అయస్కాంతాన్ని ఆశ్రయించింది. బటన్ బయటే ఉండి, లోహపు గోడకు రంధ్రం చేయకుండానే లోపలి యంత్రాంగాన్ని కదిలిస్తుంది. కాబట్టి నీటిలో క్రోనోగ్రాఫ్ వాడటం అసాధ్యమేమీ కాదు. ఏ వాచీ ఏ పనికి తయారయిందో స్పష్టంగా చెప్పాలి, అంతే.

ఆయన చివరకు కరోల్‌బాగ్‌లోని ఒక పాత గడియారాల మెకానిక్ దగ్గరకు వెళ్లారు. అరచేతి వెడల్పు కౌంటర్, కంటికి భూతద్దం, పక్కన పీడనాన్ని పరీక్షించే చిన్న యంత్రం. వాచీ వెనుక మూత తెరిచి చూపిస్తూ ఆ మెకానిక్, "సాబ్, నీళ్లలో చేయి విసిరితే ఒత్తిడి పెరిగి వాచీ పాడవుతుందని అందరూ అంటారు. అది కాదు. మీరు వేలితో తలుపు తీశారు" అన్నాడు. ఆయన మాట భౌతికశాస్త్రం కూడా ఒప్పుకునేదే. సెకనుకు 5 మీటర్ల వేగంతో చేయి విసిరినా నీటిలో పెరిగే పీడనం ఒకటిం పావు మీటరు లోతుకు మించదు. గడియారాలను ముంచేది చేతి వేగం కాదు. వయసు మీరిన రబ్బరు, సరిగా బిగించని కీ, నీటిలో నొక్కిన బటన్.

"మీ దగ్గరకు వచ్చే డైవింగ్ వాచీలు సముద్రంలో దిగినవేనా?" అని ఆయన అడిగారు. మెకానిక్ నవ్వాడు. "సాబ్, ఢిల్లీలో సముద్రం ఎక్కడుంది? చెమట, వాన, గీజరు నీళ్లు. ఈ వాచీలు చూసిన సముద్రం అదే." గీజరు నీళ్లంటే తేలిగ్గా తీసుకోవలసినది కాదని కూడా చెప్పాడు. జనవరి తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీల చలిలోంచి వేడి నీటి కిందికి, మేలో 45 డిగ్రీల ఎండలో నిలిపిన కారులోంచి ఏసీ గదిలోకి. ప్రయోగశాలలో వాచీకి పెట్టే చలి-వేడి పరీక్షను ఢిల్లీ ఏడాది పొడవునా ఉచితంగా పెడుతుంది. సబ్బు నురగ, చెమట రబ్బరును మరింత త్వరగా ముసలిదాన్ని చేస్తాయి. డయల్ మీద అంకె మాత్రం ఎప్పటికీ 100 గానే ఉంటుంది.

మెకానిక్ బల్ల మీద ఒక పాత హెచ్ఎంటీ పడి ఉంది. జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ ప్రభుత్వ రంగ గడియారాల పరిశ్రమను మూసివేయాలని 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. మాజీ అధికారికి తన మొదటి వాచీ గుర్తుకు వచ్చింది. ధోల్‌పూర్ హౌస్‌లో ఇంటర్వ్యూకు వెళ్లిన రోజున చేతికి ఉన్నది అదే. వాన పడితే దాన్ని తీసి రుమాలులో చుట్టి లోపలి జేబులో పెట్టుకునేవారు. ముఖం కడుక్కునే ముందు తీసి గూట్లో ఉంచేవారు. ఆ వాచీ నీటి గురించి ఏ హామీ ఇవ్వలేదు. అందుకే పాతికేళ్లు నడిచింది. హామీ ఇచ్చిన వాచీ ఏడాది కూడా నడవలేదు. హామీ లేనప్పుడు మనిషి జాగ్రత్తగా ఉంటాడు. అర్ధసత్యపు హామీ ఆ జాగ్రత్తను కూడా లాగేసుకుంటుంది.

గడియారాల చరిత్ర మొదటి నుంచీ నీటితో పాటు ప్రకటనలనూ నమ్ముకుంది. 1926లో రోలెక్స్ 'ఆయిస్టర్' పేరుతో నీరు చొరబడని పెట్టెను తెచ్చింది. మరుసటి ఏడాది అక్టోబర్ 21న మెర్సిడీస్ గ్లైట్జె అనే యువతి మెడలో దాన్ని వేసుకుని ఇంగ్లీష్ చానెల్‌లో ఈదింది. చలికి తట్టుకోలేక ఆ రోజు ఆమె ఈత పూర్తి కాలేదు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంది. నెల రోజులకు కాస్త అటూ ఇటుగా లండన్ పత్రిక మొదటి పేజీలో గడియారం విజయం ప్రకటనగా వెలువడింది. 1960 జనవరి 23న ట్రియెస్ట్ నౌక దాదాపు 10,900 మీటర్ల లోతున్న మరియానా అగాధంలోకి దిగినప్పుడు కూడా దాని బయటి గోడకు ఒక గడియారం కట్టి ఉంది. అది పనిచేస్తూనే పైకి వచ్చింది. అయితే అది ఎవరి చేతికీ సరిపోని ప్రత్యేక గడియారం. గొప్ప సాహసాల నీడ సామాన్యమైన సరుకుల మీద పడేలా చూడటం వ్యాపారానికి తెలిసిన విద్య.

ఆ నీడను చట్టం ప్రశ్నించిన సందర్భాలూ ఉన్నాయి. గడియారాల మీద 'వాటర్‌ప్రూఫ్' అన్న మాట వాడకాన్ని అమెరికా నియంత్రణ సంస్థలు దశాబ్దాల కిందటే తప్పుపట్టాయి. అందుకే ఇప్పుడు 'వాటర్ రెసిస్టెంట్' అంటున్నారు. 2020 నవంబర్‌లో ఐఫోన్ల ప్రకటనల మీద ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా విధించింది. నీటిని తట్టుకుంటాయని ప్రకటించి, నీటి వల్ల పాడైతే వారంటీ లేదనడం ఏమిటన్నది అక్కడి వాదన. 2022 జూన్‌లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు గెలాక్సీ ఫోన్లను కొలనుల్లో, సముద్రంలో వాడవచ్చన్నట్టు ప్రకటనలు ఇచ్చినందుకు శాంసంగ్‌ను 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించమంది. సరిగ్గా అదే నెలలో ఢిల్లీలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనలపై మార్గదర్శకాలు జారీ చేసింది. ప్రకటనలోని ప్రధానమైన మాటను చిన్న అక్షరాల షరతు వివరించవచ్చు గానీ ఖండించకూడదని, ముఖ్యమైన సమాచారాన్ని దాచకూడదని వాటి సారాంశం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, ప్రాధికార సంస్థ 2020 జూలైలో ఏర్పడింది. చట్టం ఉంది, సంస్థ ఉంది, మార్గదర్శకాలున్నాయి. వాచీ పెట్టె అడుగున ఉన్న పుస్తకంలోని సన్నని వాక్యం వరకు అవి చేరాయా అన్నదే ప్రశ్న.

కరోల్‌బాగ్ నుంచి నోయిడాకు తిరిగి వస్తూ ఆయన డిఎన్‌డి వంతెన మీద యమునను దాటారు. నురగ తేలే ఆ నల్లటి నీరే 2023 జూలై 13న 208.66 మీటర్లకు చేరి రికార్డు సృష్టించింది. ఢిల్లీలో నిజంగా నీటి అడుగుకు వెళ్లేవారు ఎవరంటే యమునలో గల్లంతైన వారిని వెతికే గోతాఖోర్లే. ఘాట్ల దగ్గర బతికే ఈ మనుషుల్లో చాలామంది పోలీసులు పిలవగానే మురుగు నీటిలోకి, ఏ పరికరమూ లేకుండా, ఊపిరి బిగబట్టి దిగుతారు. వారి చేతికి 100 మీటర్ల వాచీ ఉండదు. వారి లెక్క వారి ఊపిరితిత్తులే. నగరంలోని డైవింగ్ వాచీలన్నీ ఏసీ గదుల్లో ఉంటే, నగరంలోని డైవర్లు వాచీ లేకుండా యమునలో ఉన్నారు.

గోదావరి మనిషికి అక్కడ కచ్చులూరు గుర్తుకు రాకుండా ఉండదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి వెళ్తున్న రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. బోటు రెండు వందల అడుగులకు పైబడిన లోతులో ఉందని అప్పట్లో చెప్పారు. అంటే 60 మీటర్ల పైమాటే. అక్కడ పీడనం ఒడ్డు మీద కంటే ఏడు రెట్లు. సరదాకు డైవింగ్ చేసేవారికి నిర్దేశించిన గరిష్ఠ పరిమితి 40 మీటర్లు. ఆ లోతులో కూడా ఎక్కడా ఆగకుండా పైకి రాగలిగేందుకు ఉన్న వ్యవధి పది నిమిషాలకు అటూ ఇటూ మాత్రమే. అంతకు మించితే రక్తంలో, కండరాల్లో కరిగిన నత్రజని బుడగలై మనిషిని కుంగదీస్తుంది. పైకి వచ్చేటప్పుడు కూడా నిమిషానికి 9 మీటర్లకు మించకుండా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం మంచిదంటారు. డైవర్‌కు గడియారం అలంకారం కాదనడానికి కారణం ఇదే. ఇప్పుడు ఆ లెక్కలు డైవ్ కంప్యూటర్లు చూసుకుంటున్నాయి, గడియారం అదనపు రక్షణగా మిగిలింది. నౌకాదళం వచ్చింది, ఎన్‌డిఆర్‌ఎఫ్ వచ్చింది. గోదావరి వడి ఎవరినీ అడుగుకు చేరనివ్వలేదు. చివరకు ఐదు వారాలు దాటాక, అక్టోబర్ 22న, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, తాళ్లతో బోటును పైకి లాగింది.

అలాంటి ప్రతి దుర్ఘటన తర్వాతా పరికరాలు కొంటామన్న ప్రకటనలు వస్తాయి. ఎన్ని కొన్నారో కొన్నిసార్లు చెబుతారు. వాటి గ్యాస్కెట్లు ఎప్పుడు మార్చారో, వాటిని ఎవరు, ఎంత లోతులో, ఏ పరిస్థితుల్లో పరీక్షించారో అడిగేవారు తక్కువ. ఎన్‌డిఆర్‌ఎఫ్ ఎనిమిదో బెటాలియన్ గాజియాబాద్‌లోనే ఉంది. ఢిల్లీ ప్రభుత్వానికి సొంత పడవలున్నాయి. అయినా యమునలో శవం కోసం ముందుగా దూకేది ఘాట్ మీది మనిషి అయితే, ప్రకటించిన సామర్థ్యానికి, అవసరమైన రోజు అందే సామర్థ్యానికి మధ్య ఎంత దూరముందో అర్థమవుతుంది. అది 100 మీటర్లకు, 10 సెంటీమీటర్లకు మధ్య ఉన్న దూరం లాంటిదే.

మాజీ అధికారి వాచీ తయారీ సంస్థకు ఒక ఉత్తరం రాశారు. మరమ్మతు ఖర్చు అడగలేదు. క్రోనోగ్రాఫ్ వెనుక మూత మీద 100 మీటర్లు అని చెక్కిన చోటే, అదే పరిమాణంలో, నీటిలో బటన్లు నొక్కరాదన్న మాట కూడా చెక్కాలని కోరారు. ఆయన సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటి ఉత్తరాలకు 'పరిశీలనలో ఉంది' అని సమాధానం పంపించేవారు. సంస్థ నుంచి కూడా అలాంటి సమాధానమే వచ్చింది.

పది రోజుల తర్వాత వాచీ బాగుపడి వచ్చింది. మెకానిక్ గ్యాస్కెట్లన్నీ మార్చి, పీడన పరీక్ష చేసి, ఒక చిన్న చీటీ మీద తేదీ వేసి ఇచ్చాడు. ఏడాదికొకసారి తెచ్చి చూపించమన్నాడు. ఆ చీటీని ఆయన వారంటీ పుస్తకంలో, ఆ సన్నని వాక్యం ఉన్న పేజీలో పెట్టుకున్నారు.

సెలవులు ముగిసే ముందు మనవడు మళ్లీ కొలనులో దిగాడు. తాతయ్య వాచీ తీసి గట్టు మీద తువ్వాలులో పెట్టి, తానూ నీళ్లలోకి దిగారు. కుర్రవాడు ముక్కు మూసుకుని మునిగాడు. చిన్నప్పుడు కాలువ గట్టున స్నేహితులు లెక్కపెట్టినట్టే ఆయన పెద్దగా, ఆగి ఆగి, లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి. రెండు. మూడు. నీటి కింద కళ్లు తెరిచి చూస్తున్న ఆ పసివాడికి ఆ గొంతు వినపడుతూనే ఉంది.